మట్టి కూడా ఒక చదువే: పెద్దపంజాణి చేల నుంచి వ్యవసాయ కళాశాల దాకా

ఇంటర్ బైపీసీ ఫలితాలు వచ్చిన రోజున చాలా ముస్లిం ఇళ్లలో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. నీట్‌లో సీటు వస్తుందా, రాదా? రాదని తేలితే బీఫార్మసీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ అంటూ పెద్దలు లెక్కలు వేయడం మొదలుపెడతారు. ఆ ఇంటికి రెండెకరాల చేను ఉంటుంది. ఆ చేను మట్టి మీదే డిగ్రీ ఉందని, దాని పైన పీజీ, పీహెచ్‌డీ కూడా ఉన్నాయని చాలామందికి తట్టదు. తట్టినా, "సేద్యం నుంచి బయటపడాలనే కదా చదివిస్తున్నది, మళ్లీ మట్టిలోకేనా?" అని అమ్మీ, అబ్బా వెనక్కి తగ్గుతారు.

ఆ మాటలో బాధ ఉంది, నిజమూ ఉంది. కానీ నేలను దున్నడం వేరు, నేలను చదవడం వేరు. రెండోది వచ్చినవాళ్లు పల్లెల్లో చాలా తక్కువ. అలాంటివాళ్ల అవసరం పలమనేరు, పుంగనూరు మధ్యనున్న పెద్దపంజాణి వంటి మండలాలకు ఎంత ఉందో చూస్తే, ఈ చదువు సంగతి ఇంట్లో ఒకసారి మాట్లాడుకోవడం మంచిదే అనిపిస్తుంది.

ఎర్ర నేల బలం, బలహీనత

చిత్తూరు పడమటి మండలాల్లో ఎక్కువగా ఉన్నవి ఎర్ర నేలలు. వాన నమ్ముకుని చెనిక్కాయ, బోరు కింద టమాటా, కొన్ని చోట్ల మల్బరీ, ప్రతి ఊళ్లో పాడి. మదనపల్లె మార్కెట్లో ఈ రోజు టమాటా బాక్సు ఎంత పలికిందో ఇక్కడి చిన్నపిల్లలు కూడా చెబుతారు. అదే టమాటా పండిన మడిలో సేంద్రియ కర్బనం ఎంతుందని అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా బిత్తరపోతారు.

ఎర్ర నేలలో ఇసుక పాలు ఎక్కువ. దున్నడం తేలిక, వేరు సులువుగా దిగుతుంది, వాన నీరు త్వరగా ఇంకుతుంది. అది దాని బలం. కానీ ఇంకిన నీరు ఎక్కువ రోజులు నిలవదు. సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి వేసిన ఎరువును పట్టి ఉంచే శక్తీ తక్కువే. గట్టి వాన పడి, ఆ వెంటనే ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. వాలు చేలల్లో ఒక్క పెద్ద వానకే పైమట్టి వంకలోకి కొట్టుకుపోతుంది.

టమాటా ధర పడితే కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. కొట్టుకుపోయిన పైమట్టి అలా తిరిగి రాదు. రెండు మూడు సెంటీమీటర్ల నేల తయారవడానికి వెయ్యేళ్ల దాకా పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. అంటే నేల విషయంలో తప్పు జరిగితే దాన్ని దిద్దుకునే గడువు మన జీవితకాలం కంటే చాలా పెద్దది.

చీటీలో పన్నెండు అంకెలు

కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో భూసార కార్డుల పథకం మొదలుపెట్టింది. ఆ కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ అనే మూడు ప్రధాన పోషకాలు, గంధకం, ఆపైన జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అనే సూక్ష్మపోషకాలు, చివరికి ఉదజని సూచిక, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. చాలా ఇళ్లలో ఈ కార్డు రేషన్ కార్డు పక్కన బీరువాలో భద్రంగా ఉంటుంది. భద్రంగా ఉండటం తప్ప దానివల్ల పని జరగదు, ఎందుకంటే దాన్ని చదివి చెప్పేవాళ్లు లేరు.

ఒక ఉదాహరణ చూడండి. కార్డులో భాస్వరం 'ఎక్కువ' అని, జింకు 'తక్కువ' అని ఉందనుకుందాం. అయినా రైతు అలవాటు ప్రకారం దుక్కిలో డీఏపీ వేస్తాడు. 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి. అప్పటికే నిండుగా ఉన్న భాస్వరం మీద మళ్లీ భాస్వరం పడుతుంది. భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు అందడం ఇంకా తగ్గుతుంది. ఆకు పాలిపోతుంది. అంగడికి పోతే ఇంకో మందు సీసా ఇస్తారు. డబ్బు రెండుసార్లు పోయింది, లోపం మాత్రం అలాగే ఉంది. ఆ కార్డు చదవగల మనిషి ఇంట్లో ఒకరుంటే, ఆ పంటకు డీఏపీ ఆపి, జింకు సల్ఫేటు వేసి, నత్రజనిని వేరేగా ఇచ్చేవాడు.

సేంద్రియ కర్బనం లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. పరీక్షల్లో 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువనీ, 0.75 శాతం దాటితే ఎక్కువనీ అంటారు. ఒక ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో కర్బనం 0.3 నుంచి 0.5 శాతానికి పెరగాలంటే దాదాపు 1,800 కిలోల కర్బనం నేలలో నిలవాలి. వేసిన దిబ్బ ఎరువులోని కర్బనంలో చాలా భాగాన్ని సూక్ష్మజీవులు తినేసి గాలిలోకి వదిలేస్తాయి, నిలిచేది కొంతే. అందుకే ఒక ఏడాది రెండు ట్రాక్టర్ల ఎరువు తోలి "ఏం మారలేదు" అనుకుంటే లాభం లేదు. ఇది ఏళ్ల తరబడి, లెక్క పెట్టుకుని చేయాల్సిన పని. ఆ లెక్కనే విశ్వవిద్యాలయంలో నేర్పుతారు.

డిగ్రీలో ఏం చెబుతారు?

నేలను బట్టి సేద్యం నేర్పడం ఇస్లామీ చరిత్రకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్‌కు చెందిన ఇబ్న్ అల్-అవ్వామ్ రాసిన 'కితాబుల్ ఫిలాహా' అనే పెద్ద వ్యవసాయ గ్రంథం నేలల రకాలతోనే మొదలవుతుంది. ఆ తర్వాత ఎరువులు, ఆ పైన నీళ్లు. నేటి పాఠ్యప్రణాళిక కూడా ఇంచుమించు అదే వరుసలో సాగుతుంది.

నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్‌లో పంటలు, విత్తనం, పురుగులు, తెగుళ్లు, వ్యవసాయ ఆర్థికశాస్త్రంతో పాటు నేలల శాస్త్రం ఒక ముఖ్య భాగం. రాయి నేలగా ఎలా మారుతుంది, ఇసుక, ఒండ్రు, బంకమట్టి పాళ్లను బట్టి నీరు ఎలా నిలుస్తుంది, చౌడు ఎందుకు పుడుతుంది, ఏ పోషకం ఎప్పుడు మొక్కకు అందుతుంది అన్నవి ఇందులో ఉంటాయి. చివరి ఏడాదిలో విద్యార్థులు కొన్ని నెలలు పల్లెలో ఉండి రైతులతో కలిసి పని నేర్చుకోవాలి.

నేలనే ప్రధాన సబ్జెక్టుగా చదవాలంటే రెండేళ్ల ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌లో మృత్తికా శాస్త్రం తీసుకోవాలి. అక్కడ నేల భౌతికం, రసాయనం, జీవశాస్త్రం విడివిడిగా చదువుతారు. ఉపగ్రహ చిత్రాలతో నేలల పటాలు గీయడం, నేల కాలుష్యం, నేలలో కర్బనం నిల్వ చేయడం కూడా ఇందులోకే వస్తాయి. పర్యావరణ మృత్తికా శాస్త్రం అంటే ఈ చివరి మెట్టు. పంట దిగుబడి ఒక్కటే చూడకుండా నేల, నీరు, గాలి, మనిషి ఆరోగ్యం కలిపి చూసే చూపు అది.

పాలారు చెప్పే పాఠం

నీళ్లు దొరకని చోట తయమ్ముమ్‌కు పాక్ మట్టి కావాలని ముస్లిం ఇంట పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. ఆ పాకీ ధర్మానికి సంబంధించినది, ల్యాబు చెప్పే శుభ్రత వేరు. అయినా మట్టి కూడా చెడిపోగలదన్న ఎరుక రెండింటికీ మూలం. అది ఎలా చెడుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు.

కర్ణాటకలో పుట్టిన పాలారు కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి దిగుతుంది. అక్కడ వాణియంబాడి, ఆంబూరు పట్టణాల్లో తోళ్ల శుద్ధి తరతరాల వ్యాపారం. ఎన్నో ముస్లిం కుటుంబాల బతుకు దానిమీదే నడిచింది. తోలు కుళ్లకుండా ఉప్పు, మెత్తబడి మన్నడానికి క్రోమియం వాడతారు. శుద్ధి చేయకుండా వదిలిన నీళ్లు ఏళ్ల తరబడి చేలల్లోకి, బావుల్లోకి ఇంకాయి. ఉప్పులోని సోడియం నేల రేణువుల మధ్య పట్టును విడగొడుతుంది. నేల బిగుసుకుపోతుంది, నీరు ఇంకదు, వేరు దిగదు. క్రోమియం మట్టిలో పేరుకుంటుంది.

వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు ఇచ్చింది. ఆ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతవరకు గానీ పూర్తిగా గానీ సేద్యానికి పనికిరాకుండా పోయిందన్న సర్వేను ఆ తీర్పు ప్రస్తావించింది. ఆ సర్వే చేసింది తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం. చేటు చేసినవారే నష్టం భరించాలన్న సూత్రం దేశంలో గట్టిగా నిలబడింది ఈ తీర్పుతోనే. గమనించాల్సిన సంగతి ఏమంటే, కోర్టు ముందు రైతు గోడుకు బలం ఇచ్చినది నేలను కొలిచినవాళ్ల అంకెలు. ఫ్యాక్టరీ ఆగకుండా, చేను చెడకుండా రెండూ నడవాలంటే కావాల్సింది కూడా ఆ కొలత తెలిసినవాళ్లే.

పడమటి మండలాల్లో తోళ్ల కర్మాగారాల సమస్య లేకపోవచ్చు. కానీ టమాటా మడుల్లో పరిచిన ప్లాస్టిక్ మల్చింగ్ షీటు పంట తర్వాత ముక్కలై మట్టిలో కలుస్తోంది. ఎక్కువైన యూరియా నైట్రేటుగా మారి ఇసుక నేలలోంచి బోరు నీటిలోకి దిగగలదు. ఆ నీళ్లే ఇంట్లో తాగుతారు. అందుకే ఇవి కూడా ఈ చదువులోకే వచ్చే ప్రశ్నలు.

బాగుచేసే దారి ఉందా?

ఉంది. ఎర్ర నేలల మీద అనంతపురంలో చెనిక్కాయ పైరుతో ఇరవై ఏళ్లు వరుసగా ఒక ప్రయోగం నడిచింది. పూర్తి మోతాదు రసాయన ఎరువు ఒక మడిలో, సగం ఎరువుతో పాటు హెక్టారుకు 4 టన్నుల చెనిక్కాయ పొట్టు ఇంకో మడిలో, సగం ఎరువుతో పాటు పశువుల ఎరువు మరో మడిలో, ఇలా పోల్చి చూశారు. సగం ఎరువుతో పొట్టు కలిపిన మడిలో దిగుబడి మెరుగ్గా వచ్చింది, నేలలో కర్బనమూ నిలిచింది. మిల్లు దగ్గర పొయ్యిలోకి పోయే పొట్టు నేలకు ఎంత విలువైనదో అంకెల్లో తేలింది. ఇలాంటి ఫలితం ఒక్క పంటతో రాదు. ఇరవై ఏళ్లు ఓపికగా కొలిచేవాళ్లుంటేనే వస్తుంది.

చెనిక్కాయకే ఇంకో సంగతి. ఊడలు దిగే సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని శాస్త్రవేత్తలు చెబుతారు. ఎందుకంటే కాయ తనకు కావాల్సిన కాల్షియాన్ని వేరు ద్వారా కాకుండా చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. అదే జిప్సం సోడియంతో చెడిన చౌడు నేలలో వేరే పని చేస్తుంది. సోడియాన్ని వదిలించి, దాని చోట కాల్షియాన్ని నిలుపుతుంది. పదార్థం ఒకటే, కారణాలు రెండు. కారణం తెలిసినవాడికే మోతాదు, సమయం తెలుస్తాయి.

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ పేరు ప్రపంచం దాకా వెళ్లింది. రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి బహుమతి దక్కింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని మరో ఇద్దరితో పంచుకుంది. ఒకరు రతన్ లాల్. దేశ విభజనలో కుటుంబంతో ఊరు వదిలి వచ్చి, నేలల శాస్త్రం చదివి, అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 2020లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న వ్యక్తి. రెండోది ఈజిప్టులోని సెకెం సంస్థ. ఇబ్రాహీం అబూలైష్ 1977లో కైరోకు దూరంగా ఉన్న ఎడారి ఇసుకలో కంపోస్టు వేసి, చెట్లు నాటి, సేద్యం మొదలుపెట్టి దాన్ని పెంచారు. ఒకే వేదిక మీద ఆంధ్రా పల్లెల మహిళా సంఘాల శ్రమ, ఒక నేలల శాస్త్రవేత్త, ఎడారిని చేనుగా మార్చిన సంస్థ. ముగ్గురినీ కలిపింది మట్టే.

ఎలా చేరాలి?

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో బీఎస్సీ అగ్రికల్చర్ సీట్లు బైపీసీ విద్యార్థులకు ఏపీ ఈఏపీసెట్ ర్యాంకు ద్వారా ఇస్తారు. పడమటి మండలాలకు అందుబాటులో ఉన్నది తిరుపతిలో 1961లో మొదలైన ఎస్.వి. వ్యవసాయ కళాశాల. ఎంపీసీ పిల్లలకూ దారి ఉంది. బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్‌లో నేల, నీటి సంరక్షణ ఒక ప్రధాన విభాగం. ఆ కళాశాలలు బాపట్లలో, మడకశిరలో ఉన్నాయి.

కుటుంబాలు ముందే చూసుకోవాల్సినవి నాలుగు ఉన్నాయి.

మొదటిది రైతు కోటా. పల్లెల్లో చదివి, ఇంటి పేరున పొలం ఉన్న పిల్లలకు వ్యవసాయ సీట్లలో ప్రత్యేక వాటా ఉంది. పాసు పుస్తకం, చదివిన బడుల ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ రోజుకు చేతిలో ఉండాలి. ఆ ఏడాది ప్రకటనలోని షరతులు చదివే దరఖాస్తు పెట్టాలి.

రెండోది రిజర్వేషన్. రాష్ట్రంలో జాబితాలో ఉన్న ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఉంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బీ కిందికి వస్తాయి. సర్టిఫికెట్‌లో వర్గం తప్పుగా పడితే సీటు దగ్గర ఇబ్బంది, కాబట్టి ఇంటర్ రెండో ఏడాదిలోనే సరిచూసుకోవడం మేలు.

మూడోది గుర్తింపు. ప్రైవేటు సంస్థలో బీఎస్సీ అగ్రికల్చర్ అని బోర్డు కనిపించగానే ఫీజు కట్టేయకూడదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉందా అని ముందు చూడాలి. అది లేకపోతే తర్వాత పీజీకి, ప్రభుత్వ ఉద్యోగానికి అడ్డు పడవచ్చు.

నాలుగోది తేడా తెలుసుకోవడం. మామూలు బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కూడా చేయవచ్చు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఆ విభాగం ఉంది. కాలుష్య పరీక్షలు, పర్యావరణ ప్రభావ అధ్యయనాల వైపు అది మంచి దారి. కానీ వ్యవసాయాధికారి పోస్టు మీద ఆశ ఉంటే వ్యవసాయ డిగ్రీయే కావాలి. ఈ రెండింటినీ ఒకటే అనుకుని చేరి తర్వాత బాధపడేవాళ్లు ఉంటారు.

ఆడపిల్లల విషయంలో దూరం, వసతి గురించి పెద్దలకు బెంగ సహజం. వ్యవసాయ కళాశాలల్లో హాస్టల్ ఉండి చదవడమే పద్ధతి. ఎమ్మెస్సీ నేలల శాస్త్రంలో పని ఎక్కువగా ల్యాబులో, కంప్యూటరు పటాల మీద, మిగతాది పొలంలో ఉంటుంది. ఊళ్లలో మహిళా రైతులతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆడపిల్ల శాస్త్రవేత్తకు ఉండే వీలు మగవాళ్లకు ఉండదు.

ఉద్యోగం మాటేమిటి?

డాక్టరు చదివినంత ఖాయంగా ఇది జీతం తెస్తుందని చెప్పలేం. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు, పోటీ గట్టిగానే ఉంటుంది. అయితే దారులు చాలా ఉన్నాయి. వ్యవసాయాధికారి, గ్రామ వ్యవసాయ సహాయకులు, భూసార పరీక్ష కేంద్రాలు, కలికిరిలో ఉన్నటువంటి కృషి విజ్ఞాన కేంద్రాలు ప్రభుత్వం వైపు ఉన్నవి. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు ఐబీపీఎస్ పరీక్ష రాయవచ్చు. పీజీ, పీహెచ్‌డీ చేసినవాళ్లకు భోపాల్‌లోని భారత మృత్తికా శాస్త్ర సంస్థ, హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ లాంటి చోట్ల పరిశోధన ఉంది. ఎరువుల కంపెనీలు, ప్రైవేటు ల్యాబులు, వాటర్‌షెడ్ పనులు చేసే స్వచ్ఛంద సంస్థలు కూడా ఈ చదువున్నవాళ్లను తీసుకుంటాయి.

గల్ఫ్ అంటే డ్రైవరు, హెల్పరు పని అనుకునే ఇళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఉప్పు నేలల్లో, ఉప్పు నీటితో సేద్యం ఎలా చేయాలో పరిశోధించే అంతర్జాతీయ కేంద్రం దుబాయ్‌లో 1999లో ఏర్పడింది. దాని వెనక ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు సాయం ఉంది. ఎడారి దేశాలకు కూలీలే కాదు, నేల తెలిసినవాళ్లూ కావాలి.

ఈ వేసవిలోనే ఒక పని

పండిన పంటలో దేవుని హక్కుగా ఉష్ర్ తీయాలని, వాన నీటితో పండితే పదో వంతు, ఖర్చుపెట్టి నీళ్లు పెడితే ఇరవయ్యో వంతు అని పెద్దలు చెబుతారు. అంటే పంట మీద మాత్రమే కాదు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎంత శ్రమ అయింది అన్నదాని మీదా ఆ లెక్క నిలుస్తుంది. చేను అల్లాహ్ ఇచ్చిన అమానత్ అయితే, దాన్ని తీసుకున్నప్పటికంటే చెడగొట్టి పిల్లల చేతిలో పెట్టడం ఆ నమ్మకానికి సరిపోదు.

ఈ చదువు పిల్లలకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. విత్తనానికి ముందు, చేను ఖాళీగా ఉన్నప్పుడు, ఎకరంలో ఎనిమిది పది చోట్ల ఆంగ్ల వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, పక్క నుంచి పలచగా మట్టి చెక్కాలి. గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్పలు వేసిన చోట తీయకూడదు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ, అర కిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో పోసి, సర్వే నంబరు, ముందు పంట పేరు రాసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వాలి.

రిపోర్టు వచ్చాక దాన్ని బీరువాలో పెట్టకుండా బైపీసీ చదివే బిడ్డ చేతికి ఇచ్చి, "ఇందులో ఏముందో తెలుసుకుని నాకు చెప్పు" అనాలి. ఆ బిడ్డ పన్నెండు అంకెల వెంట పడి నాలుగు ప్రశ్నలు అడిగితే, ఆ ఇంట్లో నీట్‌తో పాటు ఈఏపీసెట్ అగ్రికల్చర్ దరఖాస్తు కూడా నింపాల్సిందే.